ఒకే ముద్ద: పిండిని, మంటిని పిసుకు చేతులనుగూర్చిన వేదపాఠము

పఠింపవలసిన భాగములు: ఆదికాండము 18:1–10, యిర్మీయా 18:1–12, 19:1–11, యోహాను 9:1–16, రోమా 9:19–26, 11:13–32, 1 కొరింథీ 5:6–8, 10:16–17.

ఉపోద్ఘాతము

మన తెలుగు భాషలో "పిసుకుట" యను చిన్న మాట యొకటి కలదు. తల్లి రొట్టెకు పిండి పిసుకును. కోడలు మంచము పట్టిన అత్తగారి కాళ్లు పిసుకును. పగవాడు గొంతు పిసుకును. ఏమి చేయుటకును తోచనివాడు చేతులు పిసుకుకొనును. పని యొక్కటే. అయినను ఒకచోట అది భోజనము, ఒకచోట సేవ, ఒకచోట హత్య, ఒకచోట నిస్సహాయత. మెత్తనిది తన్ను తాను కాపాడుకొనజాలదు. అది సంపూర్ణముగా చేతికి లోబడియుండును. కాబట్టి పిసుకుటను చూచినప్పుడెల్ల మనము రెండు ప్రశ్న లడుగవలెను: ఇది ఎవరి చేయి? ఎందుకొరకు పిసుకుచున్నది?

పరిశుద్ధ గ్రంథము ఈ పనిని చిన్నచూపు చూడలేదు. సృష్టికర్త కుమ్మరితో పోల్చబడెను. పరలోకరాజ్యము పిండిలో పులిపిండి దాచిన స్త్రీ పనితో పోల్చబడెను. మనుష్యకుమారుడు తన చేతులతో మంటిని తడిపి ముద్దచేసెను. అపొస్తలుడైన పౌలు సంఘమును ముద్ద యనెను. ఈ వాక్యములను వేర్వేరుగా మనము పలుమారులు ధ్యానించితిమి. వాటిని ఒకచోట చేర్చి, మూలభాషల పదములను కొంత పరిశీలించుచు, అవి నేటి మన సంఘములతో ఏమి చెప్పుచున్నవో తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. పని యెట్టిది?

కుమ్మరి చెరువు గర్భమునుండి బంకమన్ను త్రవ్వి తెచ్చును. దానిని ఎండబెట్టి, నలుగగొట్టి, రాళ్లను వేళ్లను ఏరివేసి, నీటిలో నానవేయును. నానిన మంటిని కాళ్లతో త్రొక్కును. పిమ్మట చేతులతో మరల మరల మర్దించి ముద్దచేసి సారెమీద నుంచును. ఈ త్రొక్కుటలోను పిసుకుటలోను లోపము జరిగినయెడల అది వెంటనే బయటపడదు. లోపల చిక్కిన గాలి, సమముగా వ్యాపింపని తడి, చితుకని గడ్డ సారెమీద కొంతవరకు దాగియుండును. ఆవములో నిప్పు సోకినప్పుడు కుండ పగులును. యెషయా (41:25), నహూము (3:14) ప్రవక్తలు మంటిని త్రొక్కువారిని ఎరిగి వ్రాసినవారే.

గోధుమపిండి సంగతి వేరు. అందు రెండు విధములైన మాంసకృత్తులు కలవు. పిండి పొడిగా నున్నంతవరకు అవి దేనికది యుండును. నీరు చేరి చేయి పిసుకగా అవి ఒకదానితో నొకటి ముడిపడి సాగెడు వలవలె నగును. పులిపిండినుండి పుట్టు వాయువును ఆ వలయే పట్టి నిలుపును. కావుననే రొట్టె పొంగును. మన జొన్నపిండిలో ఆ గుణము లేదు. అందుచేతనే మన స్త్రీలు దానిని వేడినీటితో కలిపి, పిసికి, అరచేతితో తట్టి రొట్టె చేయుదురు. యవలపిండిలో ఆ గుణము స్వల్పము. బీదల రొట్టె యైన యవల రొట్టె అంతగా పొంగదు. యేసుప్రభువు అయిదువేలమందికి పంచిపెట్టినది ఆ రొట్టెనే (యోహాను 6:9).

పొడిపిండిలో ఏ రేణువునకు ఆ రేణువే. గాలి వీచిన అవి చెదరిపోవును. నీరును చేయియు తాకినపిమ్మట అవి ఒక్కటే ముద్ద యగును. ఈ రేణువు ఈ గింజది, ఆ రేణువు ఆ గింజది అని విడదీయుట ఎవరికిని సాధ్యము కాదు. ఈ సత్యమును మనస్సునం దుంచుకొనుడు. పాఠము చివర దీనితో మనకు పనియున్నది.

2. "లూష్": ఐదుచోట్ల కనబడు క్రియ

పాత నిబంధనలో పిండి పిసుకుటను తెలుపు హెబ్రీ క్రియ "లూష్". అది ఐదు వచనములలో మాత్రమే కనబడును. మన తెలుగు అనువాదములో అది అన్నిచోట్ల ఒకే మాటగా లేనందున ఆ ఐదింటికిని గల సంబంధము మన కంటబడదు.

మొదటిది, శారా చేతులు (ఆది. 18:6). ఎండవేళ గుడారము వాకిటికి ముగ్గురు పరదేశులు వచ్చిరి. అబ్రాహాము పరుగెత్తి లోనికి వెళ్లి, మూడు కొలతల మెత్తని పిండి త్వరగా పిసుకుమని శారాతో చెప్పెను. ఆ కొలతను హెబ్రీలో "సెయా" యందురు. మత్తయి 13:33లో స్త్రీ పులిపిండి దాచినదియు మూడు కొలతల పిండియే. అక్కడి గ్రీకుమాట ఈ సెయాకు సమానమైనది. మన బైబిలులో ఒకచోట మానికలనియు, మరియొకచోట కుంచములనియు ఉండుటచేత తెలుగు చదువరికి ఈ పోలిక దొరకదు. మూడు సెయాలు కనీసము 20 లీటర్ల పిండి. ముగ్గురు అతిథులకు అది మిక్కిలి ఎక్కువ! ప్రభువు ఉపమానమును వినిన యూదులకు శారా గుడారము జ్ఞాపకమునకు వచ్చియుండవచ్చును. దేవుని రాజ్యము లెక్క చూడని ఆతిథ్యము. ఆ భోజనమైన పిమ్మటనే, పిండి పిసికిన ఆ ముసలి చేతులలో ఒక శిశువును ఉంచుదునను వాగ్దానము వినబడెను.

రెండవది, ఏన్దోరు స్త్రీ చేతులు (1 సమూ. 28:24). సౌలు కర్ణపిశాచము గలవారిని దేశమునుండి వెళ్లగొట్టిన రాజు. అతడు వేషము మార్చుకొని రాత్రివేళ ఆమెయొద్దకే వచ్చెను. తన మరణవార్త విని నేలమీద పడిపోయెను. పగలును రాత్రియు అతడు భోజనము చేయలేదు. ఆమె తన క్రొవ్విన దూడను వధించి, పిండి పిసికి, పులియని రొట్టెలు కాల్చి అతనికి పెట్టెను. ఆమె విద్యను వేదము ఖండించుచున్నది. అయినను ఆమె చేతి రొట్టెను మరుగుచేయక వ్రాసియుంచినది. ఆ రాజు మరునాడే యుద్ధములో మడిసెను. అతనికి చివరి భోజనము పెట్టినది, అతడు తరిమిన జనములోని ఒక స్త్రీ.

మూడవది, తామారు చేతులు (2 సమూ. 13:8). అమ్నోను రోగివలె నటించి, చెల్లెలు వచ్చి తన కన్నులయెదుట వంట చేయవలెననియు, ఆమె చేతనే తాను తినవలెననియు కోరెను. ఆమె కనికరముతో వచ్చి పిండి పిసికి అప్పములు చేసెను. ఆ సేవనే అతడు ఉరిగా చేసికొని ఆమెను బలాత్కరించెను. దావీదు కోపపడెనే గాని ఆమెకు న్యాయము తీర్చలేదు. ఈ భాగము మన ఆదివారపు పాఠములలో అరుదుగా చదువబడును, కాని చదువవలెను. తామారు పిసికిన పిండిలో దోషము లేదు. తామారునందును దోషము లేదు. స్త్రీల సేవను అనుభవించుచు, వారికి కీడు కలిగినప్పుడు కుటుంబ గౌరవము పేరట మౌనము వహించు ప్రతి యింటిమీదను, ప్రతి సంఘముమీదను ఈ అధ్యాయము సాక్ష్యము చెప్పుచున్నది.

నాలుగవది, యెరూషలేము స్త్రీల చేతులు (యిర్మీయా 7:18). పిల్లలు కట్టెలు ఏరుదురు, తండ్రులు అగ్ని రాజబెట్టుదురు, స్త్రీలు ఆకాశరాణికి పిండివంటలు చేయుటకై పిండి పిసుకుదురు. ఇంటిల్లిపాది ఏకమనస్సుతో చేయు పనియే. కాని విగ్రహముకొరకు చేయు పని. కుటుంబ ఐక్యత యున్నంతమాత్రమున దేవుని ఆశీర్వాద మున్నదని తలంపరాదు.

అయిదవది, హోషేయ వర్ణించిన రొట్టెలవాడు (హోషేయ 7:4). పిండి పిసికినది మొదలు అది పులియువరకు అతడు పొయ్యిని కదలింపక యుండును. ఆ నిమ్మళము చల్లదనము కాదు; లోపల నిప్పు రగులుచునే యుండును. తమ రాజులను కూల్చుటకు కుట్రపన్నినవారి హృదయము అట్టిదని ప్రవక్త పలికెను.

ఆతిథ్యము, కనికరము, వంచనకు గురియైన సేవ, విగ్రహారాధన, రహస్యముగా రగులు దురాశ: ఒకే క్రియ ఈ ఐదింటిని మన ముందుంచినది. చేతిపని దానంతట అది పవిత్రమును కాదు, అపవిత్రమును కాదు. ఎవరి చేయి, ఎందుకొరకు అనునదే దానిని తీర్చును.

పిండి పిసుకు తొట్టికిని హెబ్రీలో ప్రత్యేకమైన పేరు కలదు. అది నాలుగుచోట్ల వచ్చును. ఫరో హృదయము కఠినమైనప్పుడు కప్పలు ఐగుప్తీయుల తొట్లలోనికి ఎక్కెను (నిర్గమ. 8:3). విడుదల రాత్రి ఇశ్రాయేలీయులు పులియని పిండిముద్దను తొట్లతోకూడ దుప్పట్లలో మూటగట్టి భుజములమీద మోసికొనిపోయిరి (నిర్గమ. 12:34). నిబంధన ఆశీర్వాదము ఆ తొట్టిమీద నిలుచును (ద్వితీ. 28:5), శాపమును దానిమీదనే పడును (28:17). దేవుని ఆశీర్వాదము గుడిలో మొదలై గుడిలోనే ముగియునది కాదు. వంటింటి తొట్టివరకు వచ్చును. ఇంటి స్త్రీ ఆకలితో పండుకొనునంతవరకు ఆ యింట ఆశీర్వాద మున్నదని చెప్పజాలము.

3. కుమ్మరి యింట

ఆదికాండము 2:7లో దేవుడు నరుని నిర్మించెనని చెప్పు హెబ్రీ క్రియ "యాత్సర్". అదే క్రియనుండి కలిగిన "యోత్సేర్" అను పదమునకు కుమ్మరి యని యర్థము. నరులు మంటినుండి చేయబడిరను కథ ఇశ్రాయేలుకు పొరుగున నున్న బబులోను దేశమునందును ఉండెను. క్రీ.పూ. 17వ శతాబ్దమునాటి పలకలమీద దొరికిన "అత్రహాసిస్" అను కావ్యములో, దేవతల చాకిరి మోయుటకై నరులు మంటితోను, వధింపబడిన ఒక దేవుని రక్తముతోను చేయబడిరి. ఆదికాండములోని దేవుడు వెట్టివారు కావలెనని మంటిని ముట్టలేదు. ఆయన తన ఊపిరిని వాని నాసికారంధ్రములలో ఊదెను. వానికొరకు తోట వేసెను. ఆ తరువాత జిగటమన్నును ఇటుకలును ఇచ్చి ఇశ్రాయేలీయులచేత కఠినసేవ చేయించినవాడు ఫరో (నిర్గమ. 1:14). మంటిలో మనుష్యుని చూచినవాడు దేవుడు. మనుష్యులలో మంటిని చూచినవాడు ఫరో.

యిర్మీయా కుమ్మరి యింటికి వెళ్లి చూచినదేమి? సారెమీద పాత్ర విడిపోయెను. కుమ్మరి ఆ మంటిని పారవేయలేదు. అదే మంటిని మరల ముద్దచేసి, తనకు తోచినట్లు వేరొక పాత్ర చేసెను. ఈ దృశ్యమును విధివాదముగా బోధించుట కద్దు: కుమ్మరి యిష్టము చొప్పున జరుగును, మంటికి మాట లేదు అని. కాని దేవుడే ఇచ్చిన వివరణ (18:7–10) దీనికి విరోధముగా నున్నది. ఒక జనము చెడుతనమును విడిచినయెడల, తాను చేయదలచిన కీడును గూర్చి ఆయన సంతాపపడును. 11వ వచనములో, కీడును కల్పించుచున్నానని ఆయన చెప్పిన మాటయు కుమ్మరిపని తెలుపు ఆ పదమే. ఆ వెంటనే మరలుడని పిలుపు! కుమ్మరి చేతిలో ముద్ద మెత్తగా నున్నంతవరకు ఏదియు ముగింపు కాదు. జనులే, ఇక ప్రయోజనము లేదని పలికి తమ్మును తాము గట్టిపరచుకొనిరి (18:12).

తరువాతి అధ్యాయములో ప్రవక్త కాల్చిన కూజాను కొని పెద్దలయెదుట పగులగొట్టెను. అది మరల బాగుచేయుటకు అశక్యమైనది. 18వ అధ్యాయములోని మన్ను తడిది. 19వ అధ్యాయములోనిది కాలినది. పదార్థ మొకటే. ఈ రెండింటి నడుమ నున్న కాలమే కృపకాలము. మనస్సు మెత్తగానున్నప్పుడు గద్దింపు నొప్పించును గాని ఆకృతి నిచ్చును. అదే గద్దింపు గట్టిపడిన మనస్సును పగులగొట్టును.

4. మంటిని పిసికిన ప్రభువు

యోహాను 9వ అధ్యాయములో యేసుప్రభువు పుట్టు గ్రుడ్డివానిని చూచి, నేలమీద ఉమ్మివేసి, ఆ తడితో మంటిని ముద్దచేసి వాని కన్నులకు పూసెను. ఇంతకు మునుపు బేతెస్ద కోనేటియొద్ద విశ్రాంతిదినమున ఒక మాటచేతనే స్వస్థపరచినవాడు ఇక్కడ చేతిపని ఏల చేసెను?

యోహాను 14వ వచనములో ఒక సూచన నిచ్చుచున్నాడు: ఆయన మన్ను కలిపిన దినము విశ్రాంతిదినము. యూదా పండితుల సంప్రదాయములను కూర్చిన "మిష్నా" అను గ్రంథము క్రీ.శ. 200 ప్రాంతమున సమకూర్చబడెను. అందు విశ్రాంతిదినమున చేయరాని 39 పనుల పట్టిక కలదు. దున్నుట, కోయుట, విసరుట, కాల్చుట మొదలగు వానితోపాటు పిసుకుటయు అందున్నది. పరిసయ్యులకు కోపము పుట్టించినది స్వస్థత మాత్రమే కాదు. మంటిని పిసుకుటయు నేరమే. ప్రభువు బుద్ధిపూర్వకముగా ఆ పనినే యెన్నుకొనెను.

మన అనువాదములో ఇక్కడ "బురద" యనియు, రోమా 9:21లో "మన్ను" అనియు ఉన్నది. గ్రీకులో రెండుచోట్లను "పేలొస్" అను ఒకే పదము. పాత నిబంధన గ్రీకు అనువాదములో, కుమ్మరి చేతిలోని మంటికిని (యిర్మీయా 18:6), నన్ను మంటివలె నిర్మించితివని యోబు పెట్టిన మొరలోని మంటికిని (యోబు 10:9) అదే పదము. రెండవ శతాబ్దమున గాల్ దేశపు లుగ్దునుమ్ పట్టణమున (నేటి లియోన్) అధ్యక్షుడుగానున్న ఐరేనియస్ ఈ సంబంధమును గుర్తించెను. ఆదియందు నరుని మంటినుండి నిర్మించిన దేవుని హస్తమే ఇక్కడ బహిరంగముగా కనబడినదనియు, గర్భమునందు మిగిలియున్న పనిని వాక్యమైనవాడు అందరి కన్నులయెదుట పూర్తిచేసెననియు ఆయన బోధించెను. శరీరము చెడ్డదనియు, దానిని చేసినవాడు వేరొక అల్పదేవుడనియు బోధించిన వారికి ఇది ఆయన యిచ్చిన ప్రత్యుత్తరము.

శిష్యులు అడిగిన ప్రశ్నను మరువరాదు: ఎవరు పాపము చేయుటవలన వీడు గ్రుడ్డివాడుగా పుట్టెను? పుట్టుకను పాపఫలముగా లెక్కించు ఆలోచన మన దేశమునకు క్రొత్త కాదు. ప్రభువు ఆ లెక్కను త్రోసివేసెను. వాని పుట్టుకనుగూర్చి వాదించువారి నడుమ ఆయన వంగి, నేల ముట్టి, మంటిని పిసికెను. వానిని దూరమునుండి వివరించినవారు శిష్యులు, తాకినవాడు ప్రభువు.

5. పౌలు చెప్పిన ముద్ద

గ్రీకులో "ఫూరామ" యనగా కలిపి పిసికిన ముద్ద. క్రొత్త నిబంధనలో ఇది ఐదుమారులు వచ్చును. ఐదును పౌలు వ్రాసినవే. రోమా 9:21లో అది మంటిముద్ద. రోమా 11:16లోను, 1 కొరింథీ 5:6, 7లోను, గలతీ 5:9లోను అది పిండిముద్ద. ఇక్కడ మన తెలుగు భాష ధన్యము: మంటికిని పిండికిని చెల్లు "ముద్ద" యను మాట మనకున్నది, మన అనువాదకులు దానినే వాడిరి. కాబట్టి తెలుగు చదువరి ఈ ఐదు వచనములను ఒకే త్రాటిమీద గ్రుచ్చి చదువవచ్చును.

రోమా 9:21ని మన దేశమున అపాయకరముగా అన్వయించువారు కలరు. కుమ్మరి ఒక పాత్రను ఘనతకును ఒకదానిని ఘనహీనతకును చేసెను. కాబట్టి పుట్టుకచేత కొందరు పైవారు, కొందరు క్రిందివారు. ఇది దేవుని యేర్పాటు అని వారి వాదము. పౌలు ఈ మాట ఎవరితో చెప్పుచున్నాడు? పుట్టుకనుబట్టి తమకు హక్కు కలదని తలంచిన వారితో. అన్యజనులను తన ప్రజగా పిలుచుటకు దేవునికి స్వాతంత్ర్యము కలదని స్థాపించుటకే ఆయన కుమ్మరిని చూపెను (9:24–26). జన్మగర్వమును పడగొట్టుటకు ఎత్తిన వాక్యమును జన్మగర్వమునకు ఆసరాగా నిలుపుట వాక్యమును తలక్రిందులు చేయుటయే.

మరియు, పౌలు "ఒకే ముద్ద" అనుచున్నాడు. పాత్రలు వేరైనను మన్ను వేరు కాదు. ఎలీహు యోబుతో చెప్పినదియు ఇదియే: నేనును జిగటమంటినుండి తీయబడినవాడనే (యోబు 33:6). అక్కడి హెబ్రీ క్రియకు చిటికెడు త్రుంచుట యని యర్థము. బోధించువాడును, బాధపడువాడును ఒకే మంటినుండి త్రుంచబడినవారు.

ఇంకను, పౌలు 9వ అధ్యాయముతో ఆగలేదు. 11వ అధ్యాయములో ముద్ద మరల వచ్చును. సంఖ్యాకాండము 15:20, 21 ప్రకారము ఇశ్రాయేలీయులు పిసికిన పిండిలో మొదటి భాగమును ప్రభువునకు ప్రతిష్ఠింపవలెను. ఆ మొదటి పిడికెడు పరిశుద్ధమైనయెడల ముద్దంతయు పరిశుద్ధము. మంటిముద్దతో మొదలైన వాదము పిండిముద్దయొద్దకు వచ్చి, దేవుడు అందరిని కరుణింపవలెనని కోరెనను మాటతో ముగియుచున్నది (11:32). 9వ అధ్యాయమును చదివి 11వ అధ్యాయమును చదువనివాడు కుమ్మరి పనిని సగములో ఆపి తీర్పు చెప్పువాడు.

కొరింథు సంఘమునకు పౌలు పాత పులిపిండిని తీసివేసి క్రొత్త ముద్ద కావలెనని వ్రాసెను. గలతీయులకు, కొంచెము పులిపిండి ముద్దంతటిని పులియబెట్టునని హెచ్చరించెను. ఆ గలతీ పత్రికలోనే, అంతియొకయలో పేతురు అన్యజనులతో కూర్చుండి తినుట మాని వెనుకతీసిన సంగతి యున్నది (2:11–13). ఒక్కడు బల్లనుండి లేచెను. మిగిలిన యూదులును, బర్నబా సహితము, వాని వెంట పోయిరి. ముద్ద ఎట్లు పులియునో దీనికంటె స్పష్టముగా తెలుపు దృష్టాంతము లేదు.

6. మన సంఘములలో

ధర్మశాస్త్రములో, అపవిత్రమైనది పడిన మంటిపాత్రను పగులగొట్టవలెనని యున్నది (లేవీ. 11:33), చెక్కపాత్రనైతే కడిగిన చాలును (15:12). మన్ను తాకినదానిని పీల్చుకొనును గనుక. మన దేశాచారమునందును లోహపు పాత్రను తోమి వాడుకొందురు గాని, అంటరానివారని యెంచబడినవారు తాకిన మంటికుండను పారవేసిరి. రెండు గ్లాసుల పద్ధతిని మన తెలుగు గ్రామములు ఎరుగును. అంటరానితనము 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 17వ అధికరణముచే రద్దుచేయబడెను. అయినను పౌలు తన్ను తాను ఏ పాత్రతో పోల్చుకొనెనో చూడుడు! బంగారు పాత్రతో కాదు, తాకినదానిని పీల్చుకొను మంటి ఘటముతో (2 కొరింథీ 4:7). దేవుడు తన మహిమైశ్వర్యమును అందే యుంచెను.

1878 జూలై 3వ తేదీన, గొప్ప కరవు పిమ్మట, ఒంగోలు ప్రాంతమందలి వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి యెక్కువమంది, కుండను తాకిన కుండ పగులగొట్టబడిన జనులు. తెలుగు సంఘముయొక్క ముద్దలో ఆ మొదటి పిడికెడు వారిది. ఆ సంఘములో నేటికిని పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు కులము మొదట అడుగబడుచున్నది. కొన్నిచోట్ల ఒకే విశ్వాసము గలవారి మధ్య సమాధి స్థలములును వేరు. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొంది, దానిని పిసికిన చేయి ఎవరిదని మనస్సులో లెక్కించువాడు, మనము ఒకే రొట్టె యను వాక్యమును (1 కొరింథీ 10:17) నోట ఒప్పుకొని బల్లయొద్ద కాదనుచున్నాడు. ముద్దయైనపిమ్మట రేణువుల గోత్రము వెదకుట వ్యర్థము.

మరియొక సంగతి. శ్రమలలో నున్నవారితో, దేవుడు నిన్ను కుమ్మరివలె పిసుకుచున్నాడు, ఓర్చుకొనుము అని చెప్పుట మనకు వాడుక. ఇది కొన్నిసార్లు నిజము, కొన్నిసార్లు ఘోరమైన అబద్ధము. త్రాగివచ్చి కొట్టు భర్త చేయి దేవుని చేయి కాదు. కూలి యెగగొట్టు యజమానుని చేయి దేవుని చేయి కాదు. అమ్నోను చేతిని కుమ్మరి చేయి యని తామారుకు బోధింపరాదు. మొదట అడుగుమంటిమి గదా, ఎవరి చేయి, ఎందుకొరకు అని. ఊపిరి పోయుటకు మంటిని ముట్టినది, విడిపోయిన పాత్రను పారవేయక మరల చేసినది, గ్రుడ్డివానికి చూపు నిచ్చినది దేవుని చేయి. అది మేకుల గాయములు గలది. వేరొక చేయి మెత్తనివారిని నలుపుచున్నప్పుడు సంఘము చేయవలసినది ఓర్పునుగూర్చిన ప్రసంగము కాదు. ఆ చేతిని పట్టుకొని ఆపుటయే.

దేవుని చేతిక్రింద నున్నవారమైతే, మనము చేయవలసినది ఒకటి కలదు: గట్టిపడక యుండుట. మంటికి తడి యెట్లో మనకు వాక్యము, ప్రార్థన, సహోదరుల గద్దింపు అట్లు. వాటిని మానినవాడు ఒక్కదినమున రాయి కాడు. అంచులు మొదట ఎండును. అప్పుడే తడి కోరుట మేలు.

ఆలోచించి చర్చింపుడు

1. "లూష్" అను క్రియ వచ్చిన ఐదు భాగములను చదువుడు. వాటిలో నేటి మన కుటుంబ జీవితమునకు దగ్గరగా నున్నది ఏది? ఎందుచేత?

2. యిర్మీయా 18, 19 అధ్యాయములలోని రెండు పాత్రలను పోల్చుడు. ఒక సంఘము గట్టిపడుచున్నదని ఏ గుర్తులచేత తెలిసికొనగలము?

3. రోమా 9:21ని 11:16, 32తో కలిపి చదివినప్పుడు దాని భావము ఎట్లు మారుచున్నది?

4. మీ సంఘములో ప్రభువు బల్ల రొట్టెను ఎవరు సిద్ధపరచుచున్నారు? ఆ పనికి ఎన్నడును పిలువబడనివారు కలరా?

5. శ్రమపడువానితో, ఇది దేవుని చేయి అని చెప్పుటకు ముందు మనము ఏమి విచారింపవలెను?

ప్రార్థన

మమ్మును మంటినుండి తీసిన తండ్రీ, నీ చేతిక్రింద మమ్మును మెత్తగా నుంచుము. మా చేతులు ఎవరిని నలిపినవో మాకు చూపుము. మాలోనున్న పాత పులిపిండిని తీసివేయుము. నలుపబడినవారికి న్యాయము కలుగజేయుము. వారి పక్షమున నిలుచు ధైర్యము మాకిమ్ము. నీ కుమారుడు మంటిని ముట్టి చూపునిచ్చిన రీతిగా, పుట్టుకను చూచు మా కన్నులను ముట్టి తెరువుము. నీ బల్లయొద్ద మమ్మును ఒకే ముద్దగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.